మీట నొక్కినంత సేపు

స్కాలోవే రేవులో తీగలు అతకడం నా పని.
ఉప్పు తిన్న కనెక్టర్లతో పడవలొస్తాయి,
రాగికి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.
కోసి, ఒలిచి, సీసం పూసి పంపిస్తాను.

గిబ్బీ ఇస్బిస్టర్ మొదటిసారి వచ్చినప్పుడు
చంకలో కాలిపోయిన కారు రేడియో ఉంది.
మూత తీస్తే అడుగంటిన పాల వాసన.
"ఏం చేశావు?"
"ఏంటెన్నా ఒకటి, రేడియోలు రెండు.
తీగని రెండుగా చీల్చాను. అంతే."

ఒక ఒరలో రెండు కత్తులు.
ఒకటి పాటల రేడియో, చెవులే తప్ప నోరు లేనిది.
రెండోది సముద్రపు రేడియో,
మీట నొక్కితే ఇరవై అయిదు వాట్ల కేక.
ఆకాశంలోకి పోవాల్సిన కేక
సగం పక్కింట్లో దూరి
ఆ చెవులు మాడ్చేసింది.

"ఇంకో ఏంటెన్నా పెట్టుకో" అన్నాను.
"నా కొయ్య బట్టలారేసే దండెం కాదు."
పీతల బోన్లు ఎత్తే తాడుకి అడ్డమొస్తుందట,
గాలికి రెండు కర్రలు ఈల వేస్తే తల పోటట.
అసలు సంగతి ఊరంతటికీ తెలుసు,
గిబ్బీ పిసినారి.

"పాటలు లేకపోతే ఏం పోయింది?"
దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పలేదు.
గోళ్లలో ఇరుక్కున్న పొలుసులు చూసుకున్నాడు.
గురువారం ఏడింటికి కోరిన పాటలు.
"పడవ మీదున్న మా తమ్ముడికి" అంటూ
అక్క మెరన్ ఒక ఫిడేలు పాట అడుగుతుంది.
గొర్రెల దొడ్డి గోడ దగ్గర మాట తెగి
ఇద్దరికీ పదకొండేళ్లు.
ఎదురుపడితే చెరో పక్కకి చూస్తారు.

రెండు అగ్గిపెట్టెలంత నల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.
"ఇది కాపలా మనిషి.
నువ్వు మీట నొక్కగానే పాట వైపు తలుపు మూస్తుంది.
వదిలితే తీస్తుంది.
నువ్వు మాట్లాడినంత సేపు నీకు పాట ఉండదు.
ఇంకోటి, ఆ కర్ర పడవల మాటలకి కోసిన కొలత,
పాటలకి పొట్టి.
అన్నకి తమ్ముడి చొక్కా తొడిగినట్టు.
దూరం వెళ్తే గరగరమంటుంది."
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

జూన్ వచ్చింది,
చీకటి పడటం రాత్రి మర్చిపోయే నెల.
ఆ గురువారం పొగమంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది.
నా బల్ల మీద రెండు రేడియోలు, రెండు ఏంటెన్నాలు,
నాకేం తక్కువ.
మెరన్ పేరు చదివారు. ఫిడేలు ఎత్తుకుంది.
రెండో చుట్టు తిరిగేలోపు
పదహారో ఛానల్లో ఒక ఆడగొంతు, ఫ్రెంచి యాస,
ఇంజిన్ ఆగింది, రాళ్లు కనబడటం లేదు
కానీ వినబడుతున్నాయి.

తీర రక్షకుల వెనకే గిబ్బీ గొంతు.
నొక్కాడు. "పక్కనే ఉన్నాను."
అక్కడ అతని పాట తెగింది.
వదిలాడు. నాలుగు స్వరాలు దొరికి ఉంటాయి.
నొక్కాడు. "లోతెంత? లంగరు వెయ్యండి."
వదిలాడు. రెండో, మూడో.
నొక్కాడు. "నా ఇంజిన్ చప్పుడు వినిపిస్తే చెప్పండి.
చెప్పండి. మళ్లీ చెప్పండి."

ఎప్పుడు తిప్పానో తెలియదు,
నా పాటల రేడియో మూగబోయి ఉంది.
నా తీగల మధ్య ఏ కాపలా మనిషీ లేడు,
అయినా తలుపు పడింది.

శనివారం వచ్చాడు. తాడు కట్టి లాక్కొచ్చాడట.
ఫ్రెంచివాళ్లిచ్చిన చీజ్ సగం
కాగితంలో చుట్టి నా ముందు పెట్టాడు.
"డబ్బా పనిచేసింది."
వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.
"ఆ పాట... చివర్లో ఎలా వచ్చింది?
మెరన్ అడిగితే చెప్పాలి కదా."
"మెరన్ నీతో మాట్లాడదు కదా."
"అడిగితే, అన్నాను."

కూని రాగం తీద్దామని నోరు తెరిచాను.
ఏమీ రాలేదు.
"నేనూ నిన్నే విన్నాను, గిబ్బీ."

టోపీ తీసి, లోపల ఏదో వెతికినట్టు చూసి,
మళ్లీ పెట్టుకున్నాడు.
"అయితే దాన్నే అడగాలి" అని
రేవు వైపు కాకుండా
గొర్రెల దొడ్డి ఉన్న గుట్ట వైపు నడిచాడు.

కాగితం విప్పి చూశాను.
సగం కంటే తక్కువే.